ఇన్సాఫ్ కోళ్ళు గుడ్లు మానేసిన ఏడు

ఫయ్యూం పట్నం దాటాక కాలువ రెండు పాయలుగా చీలే చోట ఉన్న ఆ ఊళ్ళో, గుడ్లు కావాలంటే ఎవరైనా ఇన్సాఫ్ ఇంటికే వెళ్ళేవారు. బజారులో దొరక్క కాదు. ఆమె చెయ్యి మంచిదని నమ్మకం. ఆమె పొదగేసిన గుడ్డు మురిగిపోదనీ, ఆమె ఎంచి ఇచ్చిన పెట్ట ఏ ఇంట అడుగుపెట్టినా ఆ ఇంట పిల్లలకు గుడ్డు లోటుండదనీ అనుకునేవారు. కొత్త కోడలికి రొట్టె కాల్చడం నేర్పాక అత్తగారు చేసే రెండో పని, ఇన్సాఫ్ దగ్గరికి పంపి ఒక పెట్టను తెప్పించడం.

ఇన్సాఫ్‌కు ఈ పేరంటే ప్రాణం. మనిషి చెడ్డది కాదు. పెట్టే చెయ్యే. కాకపోతే నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఒకసారి నవ్వారా అనే కొత్త కోడలు తన పెట్టల్ని మెట్ల కింద చీకట్లో కట్టేసి, గుడ్లు పెట్టడంలేదని ఏడుస్తూ వస్తే, నలుగురిలోనూ దులిపేసింది. "ఎండ తగలని కోడికి గుడ్డు ఎక్కణ్ణుంచి వస్తుందే? మీ ఆయన జేబులోంచా?" అంది. నవ్వారా తప్ప అందరూ నవ్వారు. తరవాత ఇన్సాఫే ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, పెరట్లో కోళ్ళకు చోటు చూపించి, రెండు పూటలా అక్కడే కూర్చుని వచ్చింది. అదీ ఆమె వరస.

ఆమె కోళ్ళగూడు మేడమీద ఉండేది. రెల్లు తడికలు, పైన సగం వరకే కప్పు. మెడ దగ్గర వెండిరంగూ ఒళ్ళంతా నల్లచారలూ ఉన్న ఆ నాటుకోళ్ళు పొద్దెక్కేసరికి ఎండలో రెక్కలు చాపుకుని పడుకునేవి. నడుమెత్తు గోడ ఒకటి దాటితే అవతలి మేడ తఫీదాది.

తఫీదా మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఆ ఊళ్ళో ఆడదాన్ని పెద్దకొడుకు పేరు పెట్టి, ఫలానా వాడి తల్లి అని పిలుస్తారు. ఇన్సాఫ్‌ను అందరూ ఉమ్ సాబిర్ అనేవారు. తఫీదాను మాత్రం చిన్నపిల్లలు సైతం తఫీదా అనే పిలిచేవారు. ఆమె అదేమీ పట్టించుకున్నట్టు కనిపించేది కాదు. మేడమీద ఆకుకూర ఎండబెట్టుకుంటూ, గోడ మీదుగా ఇన్సాఫ్‌తో కబుర్లాడేది. సాబిర్ పసివాడుగా ఉన్నప్పుడు జ్వరంతో కాలిపోతుంటే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డలు వేసింది తఫీదాయే. ఇటునుంచి గుడ్లు వెళ్ళేవి, అటునుంచి ఎండు ఆకు వచ్చేది. ఎవరూ లెక్క చూసుకోలేదు.

ఆ ఏడు చలి వెనకబట్టాక కోళ్ళు విరగబడి పెట్టాయి. ఒక పొద్దున ఇన్సాఫ్ నిండిన బుట్ట చంకనపెట్టుకుని గూట్లోంచి వస్తుంటే, గోడ అవతల తఫీదా చూసి నవ్వింది. "ఏమే ఇన్సాఫ్, నీ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా, కురుస్తున్నాయా?" అంది. అని, తన పనిలో పడింది. ఎదుటివాళ్ళ కలిమిని మెచ్చుకున్నప్పుడు దేవుడి పేరు చెప్పడం అక్కడి మర్యాద. తఫీదా మరిచిపోయింది. ఇన్సాఫ్ కూడా అప్పుడు పట్టించుకోలేదు.

మర్నాడు ఆమె కోళ్ళలోకెల్లా మంచి పెట్ట కాళ్ళు చాపేసింది.

ఆ పూటే గమాలాత్ వచ్చింది. ఆమె నవ్వారా అత్తగారు. ఊళ్ళో రొట్టెల పొయ్యి ఆమె వాకిట్లోనే ఉండడంతో ఏ మాటైనా అక్కడ ఉడికి బయటికి రావాల్సిందే. చచ్చిన కోడిని తిప్పి చూసి, నిన్న మేడమీదికి ఎవరొచ్చారని అడిగింది. ఇన్సాఫ్, తఫీదా గోడమీంచి అన్న మాట చెప్పింది. గమాలాత్ పెదవి విరిచింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. కడుపు పండని కన్నయితే ఇక అడగాలా?" అంది.

కోడి ఎందుకు చచ్చిందో దేవుడికెరుక. ఏ తేలో కుట్టి ఉండొచ్చు. కానీ ఇన్సాఫ్ గుండెలో ఆ మాట ముల్లులా దిగింది. ఆ సాయంత్రమే మొగుడు ఖలఫ్‌ను తొందరపెట్టి, ఇంట్లో ఉన్న గోనెసంచులన్నీ విప్పించి, గూడు చుట్టూ కట్టించింది. తఫీదా మేడ వైపు రెండు పొరలు వేయించింది. పైన ఖాళీగా ఉన్న సగం మీద పాత దుప్పటి పరిచి రాళ్ళు పెట్టించింది. పరాయి కన్ను కాదుకదా, సూర్యుడి కన్ను కూడా పడకుండా చేసింది.

మొదట గుడ్లు తగ్గాయి. తరవాత పొద్దున బుట్ట తీసుకెళ్తే అడుగు కూడా నిండేది కాదు. ఇంకొన్నాళ్ళకు గూట్లో చెయ్యి పెట్టి గడ్డి తడుముకుని ఉత్త చేత్తో రావడమే. కోళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, ముక్కులు తెరుచుకుని, కదలకుండా కూర్చునేవి.

ఇన్సాఫ్ చెయ్యని పని లేదు. బార్లీ గింజలు నానబెట్టి పెట్టింది. ఉల్లి, వెల్లుల్లి దంచి కలిపింది. కాలువ నీళ్ళు మాని కుళాయి నీళ్ళు పోసింది. పెంకులు పొడి చేసి చల్లింది. గూట్లో సుద్దతో చేసిన గుడ్డు పెట్టింది, చూసి బుద్ధి తెచ్చుకుంటాయని. లోపల ఉడికిపోతున్నాయేమో, ఒక పక్క సంచి తీసి చూద్దామా అని ఖలఫ్ ఒకసారి అన్నాడు. దిష్టికి తలుపు తీస్తావా అని కసిరింది. అతనికి కోళ్ళ సంగతి ఏం తెలుసనుకుంది. ఆ కసురు దెబ్బకు అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె మటుకు ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

చివరికి గమాలాత్ చెప్పినట్టు కాగితంతో మనిషిబొమ్మ కత్తిరించి, సూదితో పొడుస్తూ, దిష్టి పెట్టి ఉంటారనుకున్న ఒక్కొక్కరి పేరూ చెప్పి కాల్చింది. తఫీదా పేరు దగ్గర సూదిని రెండు కళ్ళ చోటా గుచ్చింది. బొమ్మ మసైంది. గుడ్లు రాలేదు.

ఈలోగా వసంతం పండగ దగ్గరపడింది. ఆ దేశంలో ఆ రోజు మతంతో పనిలేకుండా ప్రతి ఇల్లూ గుడ్లు ఉడకేసి రంగులద్ది, ఉప్పుచేపా ఉల్లికాడలూ మూటగట్టుకుని కాలువగట్టుకు పోతుంది. ఏటా ఇన్సాఫ్ వాకిట్లో ఆ వారమంతా సందడే. ఈ ఏడు వచ్చినవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపింది. లేవు అనడం ఆమెకు అలవాటు లేదు. ఒకరిద్దరికి కోళ్ళు ఈకలు మారుస్తున్నాయని అబద్ధం చెప్పింది. ఒకావిడ, "మీ దగ్గర కూడా లేకపోతే ఇంకెక్కడుంటాయి తల్లీ" అంటే, ఆ మాటకు ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

పండగ ముందు గురువారం రొట్టెల పొయ్యి దగ్గర ఊళ్ళో ఆడవాళ్ళంతా పిండి పళ్ళేలతో పోగయ్యారు. ఎవరో మామూలుగా, పిల్లలకు నాలుగు గుడ్లైనా దొరుకుతాయా ఉమ్ సాబిర్ అని అడిగారు. సరిగ్గా అప్పుడే తఫీదా తన పళ్ళెం నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

ఇన్సాఫ్ ఆమెనే చూస్తూ, "నా కోళ్ళ కడుపులో గుడ్లను ఎవరి కళ్ళు తిన్నాయో వాళ్ళనే అడుగు" అంది.

తఫీదా పళ్ళెం దించి, "ఎవర్ని అంటున్నావమ్మా?" అంది. ఆమెకు నిజంగానే అర్థంకాలేదు.

"నిన్నే. గోడమీంచి చూసి నవ్వినదాన్నే. ఇంకొకరి ఇంట నిండిన బుట్ట చూస్తే నీకు మండదూ? కడుపు పండని కన్ను ఊరుకుంటుందా?"

తఫీదా పళ్ళెం మళ్ళీ నెత్తికెత్తుకుని, పొంగిన పిండిని కాల్చకుండానే ఇంటికి తీసుకుపోయింది. ఆ ఎండకు ఆ పిండి సాయంత్రానికి పులిసిపోయి ఉంటుంది. గమాలాత్ ఒక్కతే, సరైన మాట అన్నావంది. మిగతావాళ్ళు పొయ్యి వైపు తిరిగారు. ఇన్సాఫ్‌కు ఆ క్షణాన ఒళ్ళు తేలికైనట్టే అనిపించింది.

ఆ తరవాత తఫీదా మేడ తలుపు తెరుచుకోలేదు. ఆమె వీధిలో పోతుంటే తల్లులు పిల్లల్ని కొంగుచాటుకు లాక్కునేవారు. ఆమె కన్ను పడకుండా కాగితంబొమ్మ కాల్చని ఇల్లు లేదని చెప్పుకున్నారు.

అయినా కోళ్ళు పెట్టలేదు. మేపి మేపి విసుగొచ్చి, వాటిలో కొన్నింటిని బుట్టలో వేసి నవ్వారాకు పంపింది ఇన్సాఫ్. నవ్వారాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. వేరు కాపురం. మొగుడు ఇటుకబట్టీ పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. కోసుకుని చారు తాగితే ఒంటికి బలమని కబురు చేసింది.

నవ్వారాకు కత్తి పట్టుకోబుద్ధి కాలేదు. పెరట్లో వదిలేసింది.

కొన్ని వారాలు గడిచాక ఆ పిల్ల ఒక మధ్యాహ్నం ఆయాసపడుతూ ఇన్సాఫ్ ఇంటికొచ్చి కొంగుముడి విప్పింది. అందులో గుడ్లు. "పిన్నీ, నువ్వు కోసుకోమని ఇచ్చావు. ఇవేమో పెడుతున్నాయి. నీ కోళ్ళ గుడ్లు నేను తింటే బాగుండదని తెచ్చాను" అంది.

ఇన్సాఫ్ గుడ్డొకటి తీసి చెవి దగ్గర ఊపి చూసింది. తనవే. ఆ చిన్న సైజూ, ఆ పాలరంగూ. మర్నాడు పొద్దున్నే బయల్దేరి వెళ్ళింది. దారి పొడుగునా, ఆ కన్ను అంత దూరం పోలేదు కాబట్టి పెడుతున్నాయని తనకు తానే చెప్పుకుంది. రుజువు దొరికిందని లోలోపల కొంచెం సంబరం కూడా.

నవ్వారా పెరటి తలుపు వారగా తీసి ఉంది. లోపల ఎండలో పీటమీద తఫీదా కూర్చుని ఉంది. ఒళ్ళో చేటతో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇన్సాఫ్ పంపిన పెట్టలు ఆమె కాళ్ళచుట్టూ తిరుగుతూ, ఆమె విసిరే నూకలు ఏరుకుంటున్నాయి. ఒకటి ఆమె పాదానికి ఆనుకుని రెక్క చాపి ఎండ కాగుతోంది. వాటి తలమీది జుట్లు మందారంలా ఎర్రగా ఉన్నాయి.

తరవాత తెలిసింది. ఊళ్ళో ఎవరూ రానివ్వని తఫీదాను నవ్వారా రానిచ్చింది. నిండు చూలాలికి నీళ్ళు తోడిపెట్టేదీ, పిండి కలిపేదీ, ఆ కోళ్ళకు రోజూ గింజ వేసేదీ ఆమే. ఆ గుడ్లన్నీ ఆ కన్ను కిందే పెట్టినవి.

తఫీదా తలెత్తి చూసింది. వెంటనే పైట నుదుటిమీదికి లాక్కుని లేచింది. "నేను వాటికేసి చూడటంలేదులే, ఉమ్ సాబిర్. నీ కోళ్ళు నువ్వు చూసుకో" అని, చేట గోడకానించి, తల వంచుకుని ఇన్సాఫ్ పక్కనుంచే బయటికి వెళ్ళిపోయింది.

ఇన్సాఫ్ అక్కడే నిలబడిపోయింది. నవ్వారా ఇంట్లోంచి వచ్చి, పిన్ని అలా ఎందుకుందో తెలియక, గొప్పగా చెప్పసాగింది. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పెరట్లో ఎండ ఉంటుందనీ, అందుకే ఇక్కడ వదిలాననీ. "నువ్వు చెప్పిందేగా పిన్నీ. మెట్ల కింద పెట్టానని ఆ రోజు నన్ను ఎంత తిట్టావు" అంది నవ్వుతూ.

తల కొట్టేసినట్టయింది ఇన్సాఫ్‌కు.

ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మేడెక్కింది. దుప్పట్లమీది రాళ్ళు తోసేసింది. గోనెసంచుల ముడులు విప్పే ఓపిక లేక కొడవలితో కోసింది. లోపలినుంచి కుళ్ళిన గడ్డి కంపు, ఆవిరి గుప్పుమని కొట్టింది. కోళ్ళు వెలుగు తట్టుకోలేక కళ్ళు మూసుకుని మూలకు నక్కాయి. జుట్లు పాలిపోయి వాలిపోయాయి. ఎండ చూపించి పెంచాలని ఊరందరికీ చెప్పిన తనే, తన చేతులతో వాటికి పొద్దు లేకుండా చేసింది. కోడికి పగలు పొడుగైతేనే గుడ్డు. ఆ సంగతి తనకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తెలిసీ, భయం కమ్మిన కళ్ళకు కనిపించలేదు. ఖలఫ్ పైకొచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా సంచులు మడతపెట్టాడు. తిట్టినా బాగుండుననుకుంది.

కోళ్ళు మెల్లగా కోలుకున్నాయి. మళ్ళీ బుట్ట నిండింది. సిగ్గు పడాల్సిన అసలు కథ అప్పుడే మొదలైంది. ఎందుకంటే ఊరు ఇంకోలా అర్థం చేసుకుంది. తఫీదా మేడ తలుపు మూశాక కదూ గుడ్లు తిరిగొచ్చింది! ఇంకేం రుజువు కావాలి? గమాలాత్ పొయ్యి దగ్గర ఇదే చెప్పింది. గుడ్లకొచ్చిన ప్రతి ఆడదీ ఇన్సాఫ్‌కు పీడ వదిలిందని సంతోషించి వెళ్ళింది. ఇన్సాఫ్ వింది. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

రేపు చెప్దామనుకునేది. రేపు వచ్చేది. కోళ్ళ ఇన్సాఫ్ కోళ్ళకు ఎండ లేకుండా చేసిందంటే ఊరు ఎంత నవ్వుతుంది? ఒక మనిషికి అన్యాయం చేశానన్న దానికన్నా, తెలివితక్కువదానిగా దొరికిపోతానన్న బెరుకే ఎక్కువగా ఉందని ఆమెకే తెలుస్తుండేది. అది తెలిసినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టేది. ఒక సాయంత్రం గిన్నెడు గుడ్లు తీసుకెళ్ళి తఫీదా గుమ్మం ముందు నిలబడింది. తలుపు తట్టలేక, గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చేసింది. తెల్లారేసరికి ఆ గిన్నె మేడమీద నడుమెత్తు గోడపైన ఉంది. ఒక్క గుడ్డు కూడా తీయలేదు.

నవ్వారాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు కష్టమైతే రాత్రంతా నడుం పట్టుకుని కూర్చుంది తఫీదాయే. కానీ ఏడోరోజు వేడుక అత్తగారింట్లో. తఫీదా గడప తొక్కడానికి వీల్లేదని గమాలాత్ ముందే చెప్పేసింది. బాలింత ఏడ్చినా వినలేదు.

ఆ రోజు ఇన్సాఫ్ గుడ్ల బుట్టతో వెళ్ళింది. అక్కడి ఆచారం ప్రకారం పసిపాపను జల్లెడలో పడుకోబెట్టి ఊపుతున్నారు. చుట్టూ పిల్లలు కొవ్వొత్తులు పట్టుకున్నారు. గమాలాత్ రోలుమీద రోకలి కొడుతూ, అమ్మ మాట విను, నాన్న మాట విను అని చెవిలో చెప్పే మాటలు చెప్పింది. ఆపైన రోకలి ఇంకా గట్టిగా కొట్టి, "కడుపు పండని కన్ను నీమీద పడకుండుగాక, తఫీదా కన్ను పడకుండుగాక" అంది. ఆడవాళ్ళంతా ఆ మాటే మళ్ళీ అన్నారు. కొవ్వొత్తి పట్టుకున్న పిల్లలు కూడా అన్నారు.

తన నోటి మాట పసిపిల్లల నోట వినేసరికి ఇన్సాఫ్ బుట్ట కిందపెట్టి, "ఆపు గమాలాత్" అంది.

రోకలి ఆగింది.

"నా కోళ్ళకు ఏ కన్నూ తగల్లేదు. నేనే గూడు చుట్టూ గోనెలు కట్టి చీకటి చేశాను. ఎండ లేక గుడ్లు మానేశాయి. గోనెలు తీశాక పెట్టాయి. అంతే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పాకింది. కోళ్ళ ఇన్సాఫేనా అని వెనకనుంచి ఒక గొంతు. గమాలాత్ మాత్రం నవ్వలేదు. "ఆ తఫీదా కంటికి భయపడి చెప్తున్నావా?" అంది.

"భయపడి కట్టాను. ఇప్పుడు సిగ్గుపడి చెప్తున్నాను."

నవ్వారా మంచంమీంచి, తఫీదాను పిలుచుకురమ్మంది. ఎవరూ కదల్లేదు. ఇన్సాఫే వెళ్ళింది.

తఫీదా వాకిట్లో కూర్చుని పాత గౌనుకు మాసిక వేసుకుంటోంది. ఇన్సాఫ్ నిలబడే చెప్పింది, నలుగురిలో ఏం చెప్పిందో అదంతా. క్షమించమని మాత్రం అడగలేకపోయింది. చివరికి, "నాకు తెలీలేదు" అంది. అది కూడా అబద్ధమేనని అంటుండగానే తెలిసింది.

తఫీదా సూది ఆపలేదు. "నాకు తెలుసు" అంది. "మేడమీంచి చూశాను, నువ్వు గోనెలు కట్టిస్తుంటే. నీకు తెలియనిదా అనుకున్నాను. పొయ్యి దగ్గర ఆ మాట అన్నాక, కోళ్ళు ఉడికిపోతాయే, తియ్యవే అని చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే, మళ్ళీ చూసింది అంటావని ఊరుకున్నాను. పాపం ఆ నోరులేని జీవాలు."

ఇన్సాఫ్ ఏడ్చింది. తఫీదా ఓదార్చలేదు. మంచినీళ్ళు మాత్రం తెచ్చి ఇచ్చింది. వేడుకకు రానంది. ఆ మాటన్న నోళ్ళ మధ్య కూర్చోలేనంది. మర్నాడు ఎవరూ లేనప్పుడు వెళ్ళి పాపను చూసుకుంది.

ఆపైన ఊరు సగం నమ్మింది. మిగతా సగం, తఫీదా కన్ను ఇన్సాఫ్ నాలుకమీద కూడా పడిందని చెప్పుకుంది. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేం. ఇన్సాఫ్‌కు గోనెల ఇన్సాఫ్ అని కొత్త పేరొచ్చింది. కుర్రకోడళ్ళు కోళ్ళ సంగతి అడగడానికి వచ్చి, ముందు మూతులు దాచుకుని నవ్వేవారు. ఆమె నవ్వనిచ్చేది. తరవాత వాళ్ళ గూడు చూడ్డానికి వెళ్ళేది. కోళ్ళకు దిష్టి తగిలిందని ఎవరైనా అంటే, నీళ్ళున్నాయా, నల్లులున్నాయా, వెలుగు పడుతోందా అని ఒకటొకటే అడిగేది. కారణం దొరక్కపోతే తెలియదనే చెప్పేది.

తఫీదాతో మాటలు మళ్ళీ కలిశాయి. పండక్కి ఎండు ఆకు కూడా వచ్చింది. కానీ గుడ్లు తఫీదా నవ్వారా ఇంటినుంచే తెచ్చుకునేది. ఇంకో అలవాటు మాత్రం చచ్చేదాకా పోలేదు. ఎవరి వాకిటి ముందునుంచి నడిచినా, ఎవరి పిల్ల ఎదురొచ్చినా, తఫీదా కళ్ళు నేలమీదే ఉండేవి. ఇన్సాఫ్ మేడమీద ఉంటే అది పైనుంచి కనిపించేది. అలా కనిపించినప్పుడల్లా ఇన్సాఫ్ పక్కకు తప్పుకుని, తఫీదా వీధి మలుపు తిరిగేదాకా గూటి వెనకాల నిలబడేది.